విలువ ఎవరు కట్టాలె?

సంక్రాంతి దాటిందంటే నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాలు పెట్టే సందుండదు. ఎటు చూసినా పసుపు కుప్పలే, కొమ్ము ఒక దిక్కు, మండ ఒక దిక్కు. కొనేవాడు వచ్చి ఒక కొమ్ము విరుస్తాడు. లోపలి రంగు చూస్తాడు, తేమ ఎంతుందో వేళ్లతోనే పసిగడతాడు, కర్క్యుమిన్ శాతం మనసులోనే లెక్క కడతాడు. తొమ్మిది నెలలు నేలలో ఊరి, కడాయిలో ఉడికి, కల్లంలో ఎండి, పాలిష్ పట్టించుకుని వచ్చిన పంటకు నిమిషాల్లో ఒక అంకె పడుతుంది. రైతు ఆ అంకెను చూసి ఏమీ మాట్లాడడు. ఆ రోజుకు పసుపు విలువ అదే.

తెలుగులో ఈ మాట రెండు పనులు చేస్తుంది. సరుకుకు పలికే ధరను విలువ అంటాం. మనిషి ఎంత కష్టమొచ్చినా వదలనిదాన్నీ విలువ అనే అంటాం. ఈ అధ్యాయం రెండోదాని గురించి. అయితే మొదటిదాని చెయ్యి పట్టుకునే అక్కడికి పోవాలని నా ఉద్దేశం. సరుకు విలువ దానికి ఎంత వచ్చిందో చూస్తే తెలుస్తుంది. మనిషి విలువలు తెలియాలంటే దేనికోసం ఎంత పోగొట్టుకున్నాడో చూడాలి.

ఇది నా కల్పన కాదు, ఈ జిల్లా రైతులే చేసి చూపించారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నియోజకవర్గంలో 185 మంది అభ్యర్థులు బరిలో మిగిలారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలి, పసుపు బోర్డు రావాలి అన్నది వాళ్ల మాట. నామినేషన్ వేయాలంటే 25,000 రూపాయల డిపాజిట్, ఎస్సీ, ఎస్టీలకైతే అందులో సగం. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. తాము గెలవమనీ, డిపాజిట్ దక్కదనీ వాళ్లకు తెలియనిది కాదు. అయినా కట్టారు. ఏప్రిల్ 11న ప్రతి బూత్‌లో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అది ఆ డిపాజిట్ల పుణ్యమా, మరొకరి ఘనతా అన్న తగువు రాజకీయాల వాళ్లకు వదిలేద్దాం. మనకు పనికొచ్చేది ఆ 25,000. తిరిగి రాదని తెలిసీ పెట్టిన పైసా మనిషి లోపలిని చూపిస్తుంది. ఎవరైనా వచ్చి ఆ రైతులను "మీ జీవిత విలువలేమిటి?" అని అడిగి ఉంటే ముఖముఖాలు చూసుకునేవాళ్లు. డిపాజిట్ రసీదులో మాత్రం జవాబు స్పష్టంగా ఉంది: పంటకే కాదు, మా మాటకూ ధర ఉండాలె.

అర్థశాస్త్రంలో ఈ పద్ధతికి పెద్ద పేరే ఉంది. మనిషి ఇష్టాలు అతని మాటల్లో కంటే ఎంపికల్లో బయటపడతాయని పాల్ శామ్యూల్సన్ 1938లో సూత్రీకరించాడు. మనస్తత్వశాస్త్రం మాత్రం చాలాకాలం జాబితాల దారిలో నడిచింది. అమెరికన్ మనస్తత్వవేత్త మిల్టన్ రోకీచ్ 1973లో పద్దెనిమిదేసి విలువల జాబితాలు రెండు ఇచ్చి, ముఖ్యమైనది ముందు వచ్చేలా పేర్చమని జనాన్ని అడిగాడు. ఇజ్రాయెల్‌కు చెందిన షాలోం ష్వార్ట్జ్ 1992లో ఇంకో మెట్టు ఎక్కాడు. అనేక దేశాల్లో ప్రశ్నలడిగి, విలువలన్నీ పది కుదుళ్లుగా చేరుతున్నాయన్నాడు. సొంత బుద్ధితో నడవడం, కొత్తదనం, సుఖం, సాధన, అధికారం, భద్రత, కట్టుబాటు, సంప్రదాయం, అయినవాళ్ల మేలు, అందరి మేలు. వీటిని ఆయన బండి చక్రంలా గుండ్రంగా పేర్చాడు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి ఆసరా. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్నొకటి లాగుతాయి. సొంత బుద్ధి ఒక వైపుంటే కట్టుబాటు, భద్రత దాదాపు దానికి ఎదురుగా ఉంటాయి.

ఈ పదింట్లో ఏది ముఖ్యమని ఎన్నో దేశాల్లో అడిగితే ఎక్కువచోట్ల అయినవాళ్ల మేలు పైన నిలిచింది, అధికారం అట్టడుగుకు పోయింది. మండల రాజకీయాలు దగ్గరి నుంచి చూసినవాళ్లకు ఇది చదవగానే నవ్వొస్తుంది. రావాలి కూడా. కాగితం మీద గీటు పెట్టడానికి డిపాజిట్ కట్టక్కర్లేదు కదా.

అయినా ష్వార్ట్జ్ చక్రాన్ని పారేయకూడదు. సిరికొండ, ధర్పల్లి, భీమ్‌గల్ దిక్కు తిరిగితే అది ఎంత పనికొస్తుందో తెలుస్తుంది. ఇక్కడ దుబాయి పోయిన మనిషి లేని వాడ దొరకడం కష్టం. దుబాయి అంటే ఈ ఊళ్ల భాషలో ఒక్క దుబాయే కాదు, మస్కట్, సౌదీ, కువైట్ అన్నీ దుబాయే. పదేళ్లు అక్కడ పనిచేసి వచ్చినవాళ్ల నోట ఒక మాట వింటుంటాను: "ఇల్లు కట్టిన, చెల్లె పెండ్లి చేసిన, అప్పు తీర్చిన. గని ఎందుకో మనసుల ఏం లేదన్నా." వినేవాళ్లు దీన్ని ఆశయం లేకపోవడం అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఆ మనిషి దగ్గర విలువలు దండిగా ఉన్నాయి, వాటికి పెట్టిన ఖర్చు కూడా కళ్ల ముందుంది. చిక్కు ఏమిటంటే చక్రంలో రెండు ఆకులు అతన్ని చెరో వైపు లాగాయి. ఇంటికి భద్రత కావాలి, దానికి దూరం పోవాలి. పిల్లల దగ్గర ఉండాలి, దానికి ఇక్కడే ఉండాలి. ఇంటి దగ్గర అతని భార్య ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీల లెక్క పూర్తి చేస్తూ ఇదే తగువును తన వైపు నుంచి మోసింది. ఇద్దరిలో ఎవరినీ "నీ జీవితానికి అర్థం వెతుక్కో" అని కదపాల్సిన పని లేదు. ఏది దేన్ని నొక్కేసిందో పేరు పెట్టి చెప్పుకునే తీరిక దొరికితే చాలు. ఆ తీరిక చాలామందికి యాభై దాటాకే దొరుకుతుంది, అప్పటికి పిల్లలు దుబాయి విమానం ఎక్కుతుంటారు.

ఇక లక్ష్యానికీ విలువకూ ఉన్న తేడా చూడడానికి సిరికొండ మండలంలోనే ఉన్న పాకాలకు పోదాం.

మాలావత్ పూర్ణ 2000 సంవత్సరంలో ఇక్కడ ఒక లంబాడా ఇంట్లో పుట్టింది. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదువుకు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరింది. అప్పుడు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలను సాహస క్రీడల్లో దించాలనుకున్నారు. శేఖర్ బాబు బచినేపల్లి దగ్గర భువనగిరి గుట్ట మీద తొలి పాఠాలు, ఆ తరవాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ. భువనగిరి ఏకశిలను మొదటిసారి చూసినప్పుడు కాళ్లు వణికాయని పూర్ణ తరవాత చెప్పుకుంది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, చర్ల నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లు నిండనివాళ్లకు అనుమతి లేదు, అందుకని టిబెట్ వైపు నుంచి. ఆ శిఖరం చేరిన ఆడపిల్లల్లో అంతకన్నా చిన్నది అంతవరకు లేదు.

ఎనిమిది వేల ఎనిమిది వందల మీటర్ల పైన మనిషి ఎంతసేపు నిలబడగలడు? కాసేపు, అంతే. గాలి చాలదు, ఆక్సిజన్ సిలిండర్ లెక్క ప్రకారం దిగిపోవాలి. నెలల కష్టంతో చేరిన లక్ష్యం ఆ కాసేపట్లో పూర్తయిపోయింది. పెద్ద లక్ష్యం తీరిన మరునాడు మనసులో గొయ్యి పడడం చాలామందికి ఎరుకే. గ్రూప్స్‌లో ఉద్యోగం కొట్టిన కుర్రాళ్లను అడిగినా చెబుతారు. పూర్ణ మాత్రం 2016లో కిలిమంజారో, 2017లో ఎల్‌బ్రస్, 2019లో అకాంకాగువా, కార్‌స్టెన్జ్ పిరమిడ్, విన్సన్ ఎక్కింది. 2022 జూన్‌లో డెనాలి ఎక్కడంతో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తయ్యాయి. ఆడపిల్లలు ఏదైనా చేయగలరని చూపించాలనుకున్నానన్నది ఆమె మొదటి నుంచీ చెబుతున్న కారణం. శిఖరం తీరిపోయేది, ఈ కారణం తీరేది కాదు.

పసుపు వేసే రైతుకు ఈ తేడా చప్పున అర్థమవుతుంది. పంట వేరు, సాగు వేరు. పంట తవ్వుతాం, ఉడకబెడతాం, అమ్ముతాం, అయిపోతుంది. ఒక్కో ఏడు ధర రాదు, ఒక్కో ఏడు దుంపకుళ్లు తినేస్తుంది. సాగు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే ఎంత మంచి ధర ఉన్నా తవ్విన పసుపంతా అమ్మరు, విత్తనానికి కొంత పక్కన పెడతారు. లక్ష్యాలు పంటలాంటివి, విలువలు సాగులాంటివి. పంటనే సాగనుకున్నవాడు కోత అయిన మరునాడు ఏం చేయాలో తోచక కూర్చుంటాడు.

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన విలియం డేమన్ యువత ఆశయాలను చాలా ఏళ్లు పరిశీలించాడు. ఆశయం అనాలంటే అది నిలకడగా ఉండాలి, తనకు అర్థవంతంగా తోచాలి, తనను దాటి లోకానికి కాస్త తగలాలి అని ఆయన గీత గీశాడు. ఆ కొలతకు ఆయన కలిసిన అమెరికన్ యువతలో దాదాపు అయిదుగురిలో ఒకరే నిలిచారు. మిగతావాళ్లలో కొందరికి కల ఉంది, దానికోసం చేసే పని లేదు. మరికొందరికి చేతినిండా పనులున్నాయి, ఎందుకో తెలియదు. ఇంకొందరికి రెండూ లేవు. మన ఇంటర్ కాలేజీ గేటు ముందు నిలబడినా ఈ మూడు రకాల పిల్లలూ కనిపిస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పూర్ణ కథను "మనసుంటే మార్గముంటుంది" అన్న సామెత కింద చదివే అలవాటు మనకుంది. ఆ చదువు తప్పు. మనసు పాకాలలో ఎంతోమంది పిల్లలకు ఉండే ఉంటుంది. ఆమెకు అదనంగా దొరికినవి ఒక ప్రభుత్వ గురుకులం, అన్నం, పరుపు, తాడు పట్టుకోవడం నేర్పిన గురువు, లక్షల రూపాయల యాత్ర ఖర్చు భరించిన వ్యవస్థ. ఇవేవీ ఇవ్వకుండా పేద పిల్లకు ఆశయం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు ఆకలిగొన్నవాడికి అరుగుదల మందు ఇచ్చినట్టే.

ఆ గురుకులాల్లో ఇంకొకటి కూడా ఉండేది. ప్రార్థన వేళ పిల్లలు పది ప్రతిజ్ఞలు గొంతెత్తి చెప్పేవాళ్లు. నేను ఎవరికన్నా తక్కువ కాదన్నది మొదటిది. తెలియనిదానికి భయపడనన్నది ఇంకొకటి. తరతరాలుగా తక్కువ చూపు చూసిన సమాజంలో ఒక పిల్ల రోజూ ఈ మాట అనడం చిన్న విషయం కాదు. కానీ అందరూ కలిసి చెప్పే ప్రతిజ్ఞకూ, ఒక్కరే కూర్చుని తన విలువను తన మాటల్లో రాసుకోవడానికీ తేడా ఉంది. ఆ రెండోదాని మీద ప్రయోగాలు జరిగాయి.

2006లో జెఫ్రీ కోహెన్, హూలియో గార్సియా, వాళ్ల సహచరులు సైన్స్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. అమెరికాలో ఒక బడిలో ఏడో తరగతి పిల్లలకు విలువల జాబితా ఇచ్చారు. కొందరిని తమకు ముఖ్యమైనదేదో ఎంచుకుని ఎందుకు ముఖ్యమో రాయమన్నారు. మిగతావాళ్లను తమకు ఏమంత ముఖ్యం కానిది వేరేవాళ్లకు ఎందుకు ముఖ్యమవుతుందో రాయమన్నారు. పావుగంట పని. నల్లజాతి పిల్లల్లో తమ విలువల గురించి రాసినవాళ్ల మార్కులు మెరుగయ్యాయి. తెల్ల, నల్ల పిల్లల మధ్య ఉన్న మార్కుల తేడా దాదాపు 40 శాతం తగ్గింది.

పావుగంట రాతకు అంత బలమెక్కడిది? దీని వెనక క్లాడ్ స్టీల్ 1988లో చెప్పిన ఆలోచన ఉంది. మన అడివి అంచు చేలల్లో పందులకు కావలి కాయడానికి వేసే మంచెను తలుచుకోండి. నాలుగు గుంజల మీద నిలుస్తుంది. ఒక గుంజ ఊగినా మిగతా మూడూ పట్టుకుంటాయి. మనిషి తన మీద తనకుండే గౌరవం కూడా అలాంటిదే. 'మీ జాతివాళ్లకు చదువు రాదు' అనే చూపు ఒక గుంజను ఊపుతుంది. ఆ ఒక్క గుంజ మీదే నిలబడ్డానని అనుకున్న పిల్ల పరీక్ష హాల్లో వణుకుతుంది. మా తమ్ముడిని చూసుకునేది నేనే, పాట బాగా పాడతాను, దోస్తులకు మాటిస్తే తప్పను అని రాసుకున్న పిల్లకు మిగతా గుంజలు గుర్తొస్తాయి. గుర్తొస్తే తల పరీక్ష మీద పెట్టగలదు. లాస్ ఏంజెలెస్‌లో డేవిడ్ క్రెస్‌వెల్ బృందం 2005లో దీన్ని ఒంట్లోనే కొలిచింది. జనం ముందు ప్రసంగం, నోటి లెక్కలు లాంటి ఇబ్బంది పెట్టే పనికి ముందు తమ విలువల గురించి ఆలోచించినవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుదల తక్కువగా ఉంది.

ఇక్కడే ఆపితే పాఠకుడిని మోసం చేసినట్టవుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ పట్టణంలో ఇదే పనిని చాలా బడుల్లో చేసి చూశారు. ఒక బ్యాచ్‌లో ఫలితం వచ్చింది, కాకపోతే మొదటిదంత పెద్దది కాదు. తరవాతి బ్యాచ్‌లో దాదాపు ఏమీ కనిపించలేదు. ఆ తక్కువ చూపు బరువు ఎంతుంది, బడి మిగతా విషయాల్లో పిల్లలకు ఏమిస్తుంది, రాయించినప్పుడు అది పరీక్షలా అనిపించిందా అన్నవన్నీ ఫలితాన్ని మారుస్తాయని పరిశోధకులు అంటున్నారు. నా తీర్పు: ఇది మందు బిళ్ల కాదు, విత్తనం. నేల లేకపోతే మొలవదు.

నేల పోతే ఏమవుతుందో చూడాలంటే బోధన్ పక్కన శక్కర్‌నగర్ పోవాలి. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక పెరిగిన చెరుకును నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఊరి పేరులోనే చక్కెర ఉంది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. జీతం పోయిందన్నది పైకి కనిపించే నష్టం. క్రషింగ్ సీజన్‌తో నడిచిన క్యాలెండర్, షిఫ్టులతో నడిచిన గడియారం, 'నేను ఫ్యాక్టరీ మనిషిని' అని చెప్పుకునే హక్కు కూడా పోయాయి.

పరిశోధకులు దీన్ని ముందే చదివి పెట్టిన ఊరొకటి ఉంది. ఆస్ట్రియాలో మారియెంతాల్. అక్కడి బట్టల మిల్లు మూతపడి ఊరంతా పని పోగొట్టుకున్నాక, మారీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అక్కడి జీవితాన్ని చూసి 1933లో పుస్తకం వేశారు. పని లేకపోతే తీరిక దొరికి చదువుకుంటారనుకుంటాం. అక్కడ గ్రంథాలయం రుసుము తీసేసినా 1929, 1931 మధ్య జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్లు గడియారాలు పెట్టుకోవడం మానేశారు. వీధిలో నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం వాళ్లకన్నా వేగంగా నడిచారు, ఇంట్లో పని ఆగలేదు కదా. ఉద్యోగం జీతంతో పాటు ఇంకా ఏమేం ఇస్తుందో జహోడా తరవాతి కాలంలో చెప్పింది: రోజుకు ఒక క్రమం, నలుగురితో మాట, నలుగురితో కలిసి చేసే పనిలో భాగం, గుర్తింపు, చేతికి పని. మూడోదాన్ని మనం ఆశయం అంటున్నాం.

మూతపడ్డ ఫ్యాక్టరీ ముందు ఏళ్ల తరబడి టెంటు వేసి, వినతిపత్రాలు పట్టుకుని, బకాయిల కోసం, తెరిపించడం కోసం తిరిగినవాళ్లను చూసి "ఇంకెందుకు, వదిలేయండి" అన్నవాళ్లున్నారు. వాళ్లకు మారియెంతాల్ తెలియదు. ఆ టెంటు కింద రోజుకు క్రమం ఉంది, నలుగురున్నారు, కలిసి చేసే పని ఉంది.

ఆశయానికీ ఆయుష్షుకూ సంబంధం ఉందని వాట్సాప్‌లో వచ్చే మాటల్లో కొంత నిజముంది. జపాన్‌లో ఒసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 43,391 మందిని 'ఇకిగాయ్', అంటే బతకాలనిపించే కారణం, మీకుందా అని అడిగి ఏడేళ్లు కనిపెట్టారు. లేదన్నవాళ్లలో మరణాలు ఎక్కువ, అందులోనూ గుండె, రక్తనాళాల జబ్బులవి. షికాగోలో ప్యాట్రీషియా బాయిల్ బృందం తొమ్మిది వందల మందికి పైగా వృద్ధులను గమనించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆశయం బలంగా ఉన్నవాళ్లు అల్జీమర్స్ బారిన పడకుండా ఉండే అవకాశం బలహీనంగా ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు 2.4 రెట్లు. కానీ ఒళ్లు బాగాలేనివాడికి ఉత్సాహం తగ్గడం కూడా మామూలే. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి పరిశీలనలతో పూర్తిగా తేలదు. అందుకే ఆయుష్షు కోసం ఆశయం వెతుక్కోమని నేను చెప్పను. అది పొదుపు ఖాతా కోసం పెళ్లి చేసుకున్నట్టుంటుంది.

వెతకడం ఎలా అని అడిగేవాళ్లకు నా దగ్గరున్నది రైతుల డిపాజిట్ రసీదు పద్ధతి ఒక్కటే. ఒక రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పక్క గదిలో పెట్టి, పిల్లల పాత నోటుబుక్కులో ఖాళీ పేజీ తీయండి. పావుగంట చాలు. తిరిగి రాదని తెలిసీ మీరు పైసలో, రోజులో, పేరో పెట్టిన సందర్భం ఒకటి రాయండి. నలుగురు ఏమనుకుంటారోనని పెట్టింది కాదు, అది కట్నం లెక్కల్లోకి పోతుంది. ఎవరూ చూడకపోయినా పెట్టేవాళ్లే అనిపించేది. ఒక్కటీ తట్టకపోతే మీకు విపరీతంగా కోపమొచ్చిన రోజును రాయండి. ఆ రోజు ఎవరో మీ విలువ మీద కాలు పెట్టారు, అందుకే అంత నొప్పి. రాశాక ఆ కాగితం ఇంట్లో ఎవరికీ చూపకండి. చూపాలని ముందే అనుకుంటే మనమందరం అబద్ధాలు రాస్తాం.